కాళ్లు లేనంత మాత్రాన

తొలకరి పడి నేల బాగా నానిన తర్వాత ఒకటి రెండు వారాలపాటు మా వీధిలో ఒక సంగతి నా కంటపడుతూ ఉంటుంది. స్నానాలగది తూములోంచో, మెట్ల పక్కన కనకాంబరం కుండీ కిందినుంచో జానెడైనా పొడవు లేని, నల్లగా నిగనిగలాడే సన్నటి ప్రాణి ఒకటి బయటికొస్తుంది. ఒక ఇంట్లో దాన్ని చూడగానే "అమ్మో, పాముపిల్ల!" అంటారు. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఇంకేముంది, చీపురో చెప్పో చేతికొస్తుంది. క్షణంలో దాని పని అయిపోతుంది. పక్క వాటాలో అదే ప్రాణిని చూసి "వానపాములెండి, వానకి పైకొచ్చింది" అని చెంబుడు నీళ్లు పోసి తూములోకి తోసేస్తారు. ప్రాణి ఒకటే, ఇక్కడ చావు, అక్కడ జలకం. ఏటా చూస్తున్నదే అయినా ఏటా ఇది నన్ను కుదురుగా ఉండనివ్వదు. రెండిళ్లవాళ్లూ చూసింది ఒక్కటే, దానికి కాళ్లు లేవని. ఆపైన కన్నుందా, నాలుకుందా, ఒంటిమీద పొలుసులున్నాయా, జిగురుందా అని ఎవరూ చూడలేదు. ఒక ప్రాణికి లేనిదేమిటో చూసి దాని ఇంటిపేరు ఖాయం చేసేసి, ఆ ఇంటిపేరును బట్టి బతుకో చావో తేల్చేయడం ఏం న్యాయం? మనుషుల విషయంలో ఎవరైనా ఇలా చేస్తే మనం ఊరుకుంటామా? ఏమో, మనుషుల విషయంలోనూ చాలాసార్లు ఊరుకుంటూనే ఉన్నామేమో.

ఒక వాన సాయంత్రం అలాంటిదాన్ని పాత కేలండరు కాగితం మీదికి ఎక్కించి, లైటు కింద పెట్టి భూతద్దంతో తీరిగ్గా చూశాను. మొదట తల ఏదో తోక ఏదో తెలియలేదు. రెండు కొసలూ ఒకే లావు, ఒకే గుండ్రన. కాసేపటికి ఒక కొసనుంచి వెంట్రుకంత సన్నటి నాలుక బయటికొచ్చి, ఆడి, లోపలికి పోయింది. ఆ పక్కనే పొలుసు కింద రెండు నల్లటి చుక్కలు. అవే కళ్లు. వెలుతురుందో లేదో పోల్చుకోవడానికి తప్ప వాటివల్ల పెద్దగా ప్రయోజనం లేదు. రెండో కొసన కంటికి ఆనీ ఆననట్టు చిన్న ముల్లు. కాగితం నున్నగా ఉండి పట్టు దొరక్క జారినప్పుడల్లా ఆ ముల్లును కాగితంలోకి గుచ్చి ఒంటిని ముందుకు నెట్టుకుంటోంది. ఒళ్లంతా ఒకే సైజు పొలుసులు, వీపుమీద ఎలా ఉన్నాయో కడుపుమీదా అలాగే, తడి లేకుండా మెరుస్తూ. వానపాముకు ఇవేవీ ఉండవు. దానికి ఒంటినిండా ఉంగరాలు, జిగురు, మెడ దగ్గర కాస్త ఉబ్బిన పట్టీ. నాలుక ఉండదు, దవడ ఉండదు, వెన్నెముక అసలే ఉండదు. ఇంత తేడా అరనిమిషం చూపులో తెలిసిపోతుంది. నేను చూసింది గుడ్డిపాము. నూటికి నూరుపాళ్లూ పామే. విషం లేదు, మనిషిని కరిచే నోరూ కాదు, తినేది చీమల గుడ్లూ చెదల పిల్లలూ. అంటే పాముపిల్ల అన్నవాళ్ల మాట సగం నిజం. అది పామే, కానీ పిల్ల కాదు, ఎదిగాక కూడా అంతే ఉంటుంది. వాళ్ల తీర్పు మాత్రం పూర్తిగా అన్యాయం.

ఈ గుడ్డిపాముకు మా విశాఖపట్నంతో ఉన్న చుట్టరికం చాలామందికి తెలియదు. 1780ల్లో ఇక్కడికి పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు వచ్చాడు. రక్తపింజరకు ఇంగ్లీషులో ఈనాటికీ ఉన్న పేరు ఆయనదే. కోరమాండల్ తీరంలో పాముల్ని సేకరించి, బొమ్మలు గీయించి, స్థానికులు వాటిని తెలుగులో ఏమంటున్నారో అడిగి రాసుకుని 1796లో పెద్ద పుస్తకం అచ్చువేశాడు. అందులోని ఒక బొమ్మ ఆధారంగానే దోదాన్ అనే ఫ్రెంచి పండితుడు 1803లో ఈ గుడ్డిపాముకు శాస్త్రనామం పెట్టాడు. ఆ జాతి మొదట ఎక్కడ దొరికింది అంటే శాస్త్రగ్రంథాలు చెప్పే ఊరు విశాఖపట్నమే. ఆ తర్వాత అది పూలకుండీల మట్టిలో దాక్కుని ఓడలెక్కి, అంటార్కిటికా తప్ప అన్ని ఖండాలకూ చేరింది. ప్రపంచంలో ఇంత విస్తారంగా పాకిన పాము మరొకటి లేదు. దానికి కారణం కూడా విచిత్రమే. ఈ జాతిలో అందరూ ఆడవాళ్లే. మగతోడు లేకుండా గుడ్లు పెడతాయి, పిల్లలన్నీ మళ్లీ ఆడవే. కుండీలో ఒక్కటి ఉంటే చాలు, కొత్త దేశంలో ఒక వంశం మొదలవుతుంది. చెప్పుదెబ్బ తిని గడపలో పడున్న ఆ సన్నటి దేహం వెనక ఇంత ప్రయాణం ఉందని తెలిస్తే మనసు కొంచెమైనా ఆగదా?

అయితే నా మనసును ఎక్కువగా పట్టుకున్నది గుడ్డిపాము కాదు. పాముకీ వానపాముకీ నడుమ మూడోది ఒకటుంది. మన రెండిళ్ల తీర్పుల్లో దానికి చోటే లేదు. అది కాళ్లు లేని బల్లి. ఈ మాట వింటే మొదట నమ్మబుద్ధి కాదు. బల్లి అన్నాక నాలుగు కాళ్లూ, గోడమీద పరుగూ గదా? కానీ అలాంటి బల్లి కూడా విశాఖ మట్టిలోనే ఉంది. 1801లో ష్నైడర్ అనే జర్మన్ పండితుడు దానికి ఆంగ్విస్ మెలనోస్టిక్టా అని పేరు పెట్టాడు. ఇంగ్లీషువాళ్లు దాన్ని కూడా రస్సెల్ పేరుతోనే పిలుస్తారు. మట్టిలో బతికే ప్రాణి, ఎవరి కంటా పడదు, పడినా ఎవరూ పోల్చుకోరు, కాబట్టి శాస్త్రలోకం దాన్ని ఇంచుమించు మరిచిపోయింది. చాలా ఏళ్లకు ఇక్కడికి ఉత్తరాన చిలికా సరస్సులో బర్కుడా అనే లంకమీద అలాంటి బల్లే ఒకటి దొరికింది. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు తొలి డైరెక్టరైన నెల్సన్ అన్నండేల్ 1917లో దానికి ఆ లంక పేరుమీదే బర్కుడియా అని కొత్త ప్రజాతి కట్టాడు. 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.ఎన్. గణపతి, కె.కె. నాయర్ వాల్తేరులో కూడా బర్కుడియా ఉందని ప్రకటించారు. వాళ్లు చిలికాది అనుకున్నది నిజానికి ష్నైడర్ ఎప్పుడో పేరుపెట్టిన మన ఊరి బల్లేనని తర్వాత తేలింది. నూటయాభై ఏళ్లపాటు ఒక ప్రాణి మన కాళ్లకింద తిరుగుతూ, తన సొంత పేరు కోసం ఎదురుచూసింది.

నేను బైపీసీ చదివిన కాలేజీలో జంతుశాస్త్రం ల్యాబుకు ఒక పక్క గోడంతా చెక్క అలమార్లు. వాటిలో ఫార్మలిన్ వాసన కొట్టే గాజుజాడీలు, పసుపురంగు తిరిగిపోయిన చీటీలు. ఒక జాడీలో చుట్టచుట్టుకుని ఇక్తియోఫిస్. అది కప్పల వైపు చుట్టం, కాళ్లు లేని ఉభయచరం. పక్క జాడీలో గుడ్డిపాము, ఆ పక్కది వానపాము. దూరంనుంచి చూస్తే మూడూ ఒకటే. మా మాష్టారు ఆ జాడీల్ని బల్లమీద వరసగా పెట్టి, చీటీలు కనపడకుండా తిప్పేసి, "పేర్లు తర్వాత చెబుదురుగాని, ముందు ఏం కనబడుతోందో రాయండి" అనేవారు. గోడమీద విషసర్పాల్ని గుర్తుపట్టే పటం వేలాడుతూ ఉండేది. అందులో కాళ్ల ఊసే లేదు. తోక పక్కలకి నొక్కినట్టుందా, కడుపుమీద పొలుసులు అడ్డంగా పూర్తిగా పరుచుకున్నాయా, తలమీదివి చిన్నవా పెద్దవా, పైపెదవి మూడో పొలుసు కన్నునీ ముక్కునీ రెంటినీ తాకుతోందా, వెన్నుమీదివి ఆరు పలకలవా, ఇలా ఒక్కో మెట్టూ దిగుతూ పోవాలి. అప్పుడు మార్కుల కోసం కంఠతా పట్టినదే. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పటం చెప్పిందంతా ఒకే పాఠం: ఉన్నవాటిని చూడు, చూసినదాని వెంట నడు. ఎంత పెద్ద పాఠాన్ని ఎంత చిన్న ప్రశ్నలుగా విడగొట్టి నేర్పారో!

మరి కాళ్లు లేని బల్లిలో ఏమున్నాయి? అందరికంటే బాగా తెలిసినది యూరప్‌లోని స్లోవర్మ్. 1758లో లినేయస్ పేరుపెట్టిన ప్రాణి. ఇంగ్లండులో పెరటితోటల్లో కంపోస్టు గుట్టల కింద కనబడుతుంది. కంచురంగు ఒళ్లు, పాకే తీరు, చుట్టుకునే తీరు అన్నీ పాము లాగే ఉంటాయి. కానీ దాని ముఖం దగ్గర ఒక్క క్షణం ఆగితే అది రెప్ప వేస్తుంది. పాము రెప్ప వేయదు, వేయలేదు. పాము కంటిమీద పారదర్శకమైన పొర ఒకటి అతుక్కుని ఉంటుంది, కుబుసంతోపాటు అదీ ఊడి కొత్తది వస్తుంది. చాలా కాళ్లులేని బల్లులకు కంటి వెనక చెవిరంధ్రం ఉంటుంది, పాముకు ఉండదు. పాముకు కడుపుకింద వెడల్పాటి పొలుసులు ఒకే వరుసలో ఉంటే, వీటికి చుట్టూ ఒకే రకం. పాము దవడలు సాగి తలకంటే లావైన ఎరను మింగుతాయి. బల్లి దవడ గట్టిది, నోట పట్టినంతే తిండి. పాము దేహంలో తోక చిన్న భాగం. మేఘాలయ, డార్జిలింగ్ కొండల్లో ఉండే గాజుబల్లుల జాతిలో పొడవులో సగం కంటే ఎక్కువ తోకే. పట్టుకుంటే ఆ తోక తెగి కిందపడి గిలగిల్లాడుతుంది, బల్లి తప్పించుకుపోతుంది, మళ్లీ తోక మొలుస్తుంది, మొదటంత అందంగా కాకపోయినా. మన గోడమీది బల్లి చేసే పనే అది. స్లోవర్మ్ ఒకటి కోపెన్‌హేగన్ జంతుప్రదర్శనశాలలో 54 ఏళ్లు బతికిందని చెబుతారు. ఒక మనిషి ఉద్యోగంలో చేరి రిటైరయ్యే కాలం కంటే ఎక్కువ.

ఇంతవరకు బాగానే ఉంది. రెప్ప, చెవి, తోక అని మూడు గుర్తులు చెప్పి ఊరుకోవచ్చు. కానీ నాకు అక్కడే సందేహం మొదలవుతుంది. మన గోడమీది బల్లినే చూడండి, దానికి రెప్పలున్నాయా? లేవు. కంట్లో దుమ్ము పడితే నాలుకతో నాక్కుంటుంది. మరి అది పామా? ఆస్ట్రేలియాలో దాని దూరపు చుట్టాలే నలభైకి పైగా జాతులున్నాయి. ముందుకాళ్లు అసలు లేవు, వెనకకాళ్లు రెండు చిన్న పొలుసు రెక్కలుగా మిగిలాయి. వాటికీ రెప్పలు లేవు, అవీ కళ్లు నాక్కుంటాయి. రెప్పల పరీక్ష పెడితే అవన్నీ పాముల జాబితాలోకి పోతాయి. పోనీ తోక చూద్దామంటే, గడ్డిలో తిరిగే బల్లులకు తోక పొడుగు, మట్టి తొలుచుకుపోయే మన బర్కుడియా లాంటివాటికి పొట్టి. పోనీ కడుపు పొలుసులంటే, మా వీధి గుడ్డిపాముకు వెడల్పు పొలుసులే లేవు, అయినా అది పామే. ఒక్కో గుర్తూ ఎక్కడో ఒకచోట జారిపోతోంది. ఇక దేన్ని పట్టుకోవాలి? చాలాకాలం ఈ ప్రశ్న దగ్గరే తిరిగి తిరిగి, చివరికి నాకు నేను చెప్పుకున్న జవాబు ఇది: ఏ ఒక్క గుర్తూ సరిపోదు, అన్నీ కలిపి చూడాలి, చూసి దాని వంశం అడగాలి. పైకి కనబడే పోలిక బతికిన చోటునుంచి వస్తుంది. చుట్టరికం లోపల దాక్కుంటుంది. స్లోవర్మ్‌ను లోపల చూస్తే ఎన్నడో వదిలేసిన కాళ్లకు ఆధారంగా ఉండిన భుజం ఎముకలు చిన్న చిన్న తునకలుగా ఇంకా ఉన్నాయి. ప్రపంచంలో ఏ పాముకూ భుజం ఎముకల జాడ కూడా లేదు. కొండచిలువకు మాత్రం తోక మొదట్లో రెండు పక్కలా చిన్న గోళ్లు కనబడతాయి, వెనకకాళ్ల గుర్తుగా.

ఇలా తలపోస్తున్నప్పుడల్లా నాకు అనూరుడు గుర్తొస్తాడు. కద్రువ, వినత అక్కచెల్లెళ్లు. కద్రువ గుడ్లలోంచి నాగులు పుట్టారు. అది చూసి వినత ఓపిక పట్టలేక తన గుడ్డు ఒకదాన్ని పగలగొట్టింది. అందులోంచి నడుము కింద దేహం లేకుండా ఒక కొడుకు పుట్టాడు. ఆదిపర్వం చదివినవాళ్లకు, పురాణ కాలక్షేపం విన్నవాళ్లకు తెలిసిన కథే. నాకు ఇందులో ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉండేది ఒకటుంది. కాళ్లు లేని ఆ బిడ్డకు కాళ్లు లేని నాగులు స్వయానా సవతి అన్నదమ్ములు. ఒకే తండ్రి కశ్యపుడు. అయినా కథ ఎక్కడా అతన్ని నాగుల్లో కలపలేదు. అతను గరుత్మంతుడికి అన్న, సంపాతికీ జటాయువుకీ తండ్రి, పక్షుల వంశం. కాళ్లు లేవన్నది అతని దేహానికి జరిగిన ఒక సంగతి, వంశం వేరే సంగతి. పైగా కాళ్లు లేవని అతనికి పని తప్పలేదు, సూర్యుడి రథం పగ్గాలే చేతికొచ్చాయి. శ్రీకాకుళం పక్కన అరసవల్లిలో సూర్యనారాయణస్వామికి దండం పెట్టుకునేవాళ్లు ఆ సారథికీ పెట్టుకుంటున్నట్టే. మన పెద్దలకు జీవపరిణామం తెలుసని చెప్పడానికి ఇది రాయడం లేదు, అలాంటి మాటలు నాకు రుచించవు. ఒక లోపాన్ని చూసి వంశాన్ని తేల్చకూడదన్న వివేకం మాత్రం ఆ కథలో ఉంది. దాన్ని మనం గుళ్లో వదిలేసి పెరట్లోకి వచ్చామేమోనని నా బాధ.

నిజానికి కాళ్లు పోగొట్టుకోవడం బల్లుల వంశంలో అరుదైన ప్రమాదమేమీ కాదు. పాముల్నీ కలుపుకుంటే వేర్వేరు శాఖల్లో కనీసం 25 సార్లు ఇది విడివిడిగా జరిగిందని శాస్త్రజ్ఞుల లెక్క. ఆస్ట్రేలియాలో లెరిస్టా అనే నలికిరుల ప్రజాతి ఒకటుంది. ఒకే ఇంట్లో అయిదు వేళ్లున్నవీ, రెండు వేళ్లు మిగిలినవీ, కాళ్లే లేనివీ పక్కపక్కన బతుకుతున్నాయి. అంత దూరం ఎందుకు? మన ఊళ్లలో రాళ్లకింద, ఎండుటాకుల్లో మచ్చల నలికిరి ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు తోక ఎర్రగా మెరుస్తుంది. ఒళ్లు సన్నగా సాగి ఉంటుంది, కాళ్లు ఆ ఒంటికి ఏమాత్రం తూగవు. తొందరొచ్చినప్పుడు ఆ పొట్టికాళ్లను ఒంటికి ఆనించేసి, పాములా మెలికలు తిరుగుతూ జారిపోతుంది. దాన్ని చూస్తే కాళ్లు ఎందుకు పోతాయో సగం అర్థమవుతుంది. దట్టమైన గడ్డిలో, వదులు మట్టిలో కాలు అడ్డం. వెన్నుపూసలు పెరిగి ఒళ్లు సాగే కొద్దీ, ఒంటితోనే నడిచే కొద్దీ కాలికి పని తగ్గుతుంది. పని తగ్గినది తరాల మీద చిక్కిపోతుంది. మనం దీన్ని పోగొట్టుకోవడం అంటాం. అది నడకను కాళ్లలోంచి ఒళ్లంతటికీ పంచుకుంది అనాలని నాకు అనిపిస్తుంది.

అలాగైతే పాము కూడా కాళ్లు వదిలేసిన బల్లే గదా అని ఎవరైనా అడగొచ్చు. ఔను, అదే నిజం. బల్లుల మహావృక్షంలో పాములు ఒక కొమ్మ. ఎప్పుడో కాళ్లు వదిలేసి, ఆ తర్వాత వేల జాతులుగా విస్తరించిన కొమ్మ. అర్జెంటీనాలో దొరికిన నజాష్ అనే తొమ్మిది కోట్ల ఏళ్లు దాటిన పాము శిలాజానికి వెనకకాళ్లు స్పష్టంగా ఉన్నాయని 2006లో ప్రకటించారు. 2016లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు ఇంకో అడుగు వేశారు. గర్భంలో కాళ్లు పెరగమని చెప్పే ఒక డీఎన్‌ఏ ముక్కను పాములోంచి తీసుకుని ఎలుకలో పెడితే, ఎలుకపిల్ల కాళ్లు మొండి మొగ్గలుగా ఆగిపోయాయి. ఆ పాము ముక్కలో చెరిగిపోయిన 17 అక్షరాలను తిరిగి చేర్చితే, ఎలుకకు మళ్లీ కాళ్లు వచ్చాయి. ఇది చదివిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. కాళ్లున్న బల్లికీ లేని పాముకీ మధ్య అగాధం ఉందనుకుంటాం. అక్కడ ఉన్నది కొన్ని అక్షరాలూ, కోట్ల ఏళ్ల ఓపికా. వినతకు లేనిది ఆ ఓపికే.

వానపాము సంగతి దీనికి పూర్తిగా వేరు. పాముకూ కాళ్లులేని బల్లికీ పూర్వీకులకు కాళ్లుండేవి, తర్వాత పోయాయి. వానపాము వంశానికి మనకు తెలిసిన అర్థంలో కాళ్లు ఏనాడూ లేవు. దానికి ఎముక లేదు, ఊపిరితిత్తి లేదు, చర్మంతోనే గాలి పీల్చుకుంటుంది, అందుకే దాని ఒళ్లు ఎప్పుడూ తడిగా ఉండాలి. ఒంట్లో అడ్డంగా కొన్ని కండరాలు, నిలువుగా కొన్ని. ఒకసారి సన్నబడి సాగుతుంది, ఒకసారి లావెక్కి ముడుచుకుంటుంది, చర్మంమీది చిన్న శూకాలతో మట్టిని పట్టుకుంటుంది. డార్విన్ తన ఆఖరి పుస్తకం 1881లో రాసింది ఈ వానపాముల మీదే. మట్టిని కోట్లసార్లు తిని విసర్జించి పొలాలను పొలాలుగా నిలబెట్టేది అవేనని అందులో చూపించాడు. కాళ్లు ఉండి వదిలేసుకున్నవాటినీ, ఏనాడూ లేనివాటినీ ఒకే గాటన కట్టేయడం ఆ రెంటికీ అన్యాయమే. ల్యాబులో ఇక్తియోఫిస్ కూడా వానపాములాగే ఉంగరాల ఒంటితో ఉండేది గానీ, అది వెన్నెముక ఉన్న ఉభయచరం. దాని వర్గంలోని కొత్త జాతి ఒకదాన్ని మన తూర్పు కనుమల్లోంచే 2013లో వర్ణించారు. ఇక పురుగుబల్లులు అనదగినవి ఆఫ్రికాలో, అమెరికాల్లో ఉన్నాయి. వాటి ఒంటిమీదా ఉంగరాలే. పాముల్లోనూ కాళ్లులేని ఇతర బల్లుల్లోనూ సాధారణంగా ఎడమ ఊపిరితిత్తి చిక్కిపోతే, వీటిలో కుడిది చిక్కిపోయింది. ఒకే అవసరానికి వేర్వేరు వంశాలు వేర్వేరు దారుల్లో వచ్చిన సాక్ష్యం ఆ ఊపిరితిత్తిలో ఉంది.

భయాన్ని చిన్నచూపు చూడ్డం నా ఉద్దేశం కాదు. రాత్రిపూట వానలో తలుపు సందులోంచి కట్లపాము ఇంట్లోకి వచ్చిన సంగతులు మన పల్లెల్లో ఎన్నో. నేలమీద పడుకునేవాళ్ల భయం పుస్తకం చదివి పోయేది కాదు. పాము అనిపించినదాన్ని చేత్తో పట్టుకోమనీ, కర్రతో కదిపి చూడమనీ నేను అనను. చూడటానికి చెయ్యి అక్కర్లేదు, దూరం నుంచి కన్ను చాలు. సెల్‌ఫోన్లో ఒక ఫొటో తీసి తెలిసినవాళ్లకు పంపినా చూసినట్టే. కాళ్లులేని బల్లుల్లో మనిషి ప్రాణం తీసే విషమున్నది ఒక్కటీ లేదు, గుడ్డిపాములకూ విషం లేదు. ఈ సంగతి తెలిసినందువల్ల నిజంగా భయపడాల్సిన చోట మన భయం తగ్గదు, అక్కర్లేని చోట మాత్రమే తగ్గుతుంది.

1870లో బెడ్డోమ్ అనే మద్రాసు అటవీశాఖ అధికారి విశాఖపట్నం దగ్గర గోల్కొండ కొండల్లో దొరికిందని కాళ్లులేని నలికిరి ఒకదాన్ని వర్ణించాడు. ఇది హైదరాబాదు గోల్కొండ కాదు, ఇక్కడి కొండలే. దాని పేరు సెప్సోఫిస్ పంక్టాటస్. ఆ తర్వాత వందేళ్లకు పైగా అది ఎవరికీ కనబడలేదు. 2013లో మన శాస్త్రజ్ఞులు తూర్పు కనుమల ఉత్తర భాగంలో, ఆంధ్ర, ఒడిశా అడవుల్లో అది ఇంకా బతికే ఉందని రుజువులతో ప్రకటించారు. ఆ ప్రజాతిలో ఉన్నది ఆ ఒక్క జాతే, అది ఉన్నదీ ఆ ఒక్క కొండల వరుసలోనే. బర్కుడియా కూడా ఈ తీరంలో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. ఆ కొండల్లో రోడ్డు కోసమో గని కోసమో తోట కోసమో నేల తవ్వే ప్రతి పార కిందా ఇవి ఉండవచ్చు. తవ్వేవాళ్లు పాముపిల్ల అనుకుని కొట్టేస్తే, లెక్కల్లో ఒక పాము చచ్చినట్టు కూడా నమోదు కాదు. అరకు వెళ్లేవాళ్లూ, ఆ కొండల్లో పనిచేసేవాళ్లూ, అక్కడే పుట్టి పెరిగినవాళ్లూ ఈ ఒక్క సాయం చేయండి. కాళ్లు లేనిదేదైనా కనబడితే పేరు పెట్టే ముందు దాని కన్ను చూడండి, చూసి దారి వదలండి.